అరవై వేల గేమింగ్ పీసీ: లైట్లు తర్వాత, ముందు లేబుల్ చదువు

ప్రశ్న: అన్నా, మాది కాశీబుగ్గ దగ్గర పల్లెటూరు. టెక్కలిలో బీటెక్ సీఎస్ఈ రెండో ఏడాది చదువుతున్నాను. రోజూ ఇంటి నుంచే వెళ్లొస్తాను. నాన్నది జీడిపిక్కల బేరం. ఈ సీజన్ డబ్బులు చేతికొచ్చాక పీసీకి 60 వేలు ఇస్తానన్నారు. నేను ఎక్కువగా ఆడేది వాలరెంట్, జీటీఏ 5. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కూడా ఆడాలని ఉంది. మానిటర్ మా బావ తన పాతది ఇస్తానన్నాడు. ఒక షాపులో అడిగితే ఈ కొటేషన్ రాసిచ్చారు: కోర్ ఐ7 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, జీటీ 730 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌జీబీ గేమింగ్ క్యాబినెట్ (450 వాట్ల ఎస్ఎంపీఎస్ దాంతోనే వస్తుంది). మొత్తం 32 వేలు. ఐ7 ఇంత తక్కువకి ఎక్కడా రాదన్నారు. మిగతా డబ్బుతో గేమింగ్ చెయిర్, మంచి కీబోర్డు కొనుక్కుందామని నా ప్లాన్. ఫ్రెండ్స్ వద్దంటున్నారు కానీ ఎందుకు వద్దో ఎవరూ చెప్పట్లేదు. నాన్నేమో "కరెంటే సరిగ్గా ఉండదు, దీనికి అరవై వేలేటి బాబూ" అంటున్నారు. ఏం చెయ్యమంటావు?

జవాబు:

తమ్ముడూ, ఆ కొటేషన్ పక్కన పెట్టెయ్. ఎందుకో చెబుతాను.

అందులో ప్రాసెసర్ నంబర్ రాయలేదు, ఐ7 అని రాసి వదిలేశారు. నంబర్ వాళ్లు రాయకపోయినా పక్కనున్న మదర్‌బోర్డు పేరు చెప్పేస్తోంది. హెచ్61 బోర్డులో ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు తప్ప ఇంకేవీ కూర్చోవు. అంటే అది 2600 గానీ 3770 గానీ అయ్యుంటుంది. ఇవి 2011, 2012లో వచ్చిన సరుకు. అప్పుడు నువ్వు ఒకటో తరగతికి కూడా వచ్చి ఉండవు. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే తరంలో హెచ్చుతగ్గులు చెప్పే పేర్లు, అంతే. తరం మారితే ఆ లెక్క చెల్లదు. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్‌లో కూడా 3770లో ఉన్నట్టే నాలుగు కోర్లు (పనిచేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) ఉంటాయి. అయినా ఆ పాత ఐ7 దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు.

జీటీ 730 సంగతి ఇంకా ఘోరం. అది 2014 కార్డు. అప్పట్లో కూడా దాన్ని గేమ్స్ కోసం చెయ్యలేదు, బోర్డు మీద డిస్‌ప్లే లేనివాళ్లకి బొమ్మ కనబడితే చాలన్నట్టు చేశారు. 4 జీబీ అన్న అంకె చూసి మనవాళ్లు మోసపోతారు. ఆ 4 జీబీ సాధారణంగా పాత డీడీఆర్3 మెమరీ. చెరువు ఎంత పెద్దదైనా తూము వేలెడంత ఉంటే పొలానికి నీళ్లు అందవు కదా, అలాంటిదే. జీటీఏ 5ని సెట్టింగులన్నీ కిందకి దించి ఎలాగోలా లాగొచ్చు. రెడ్ డెడ్ 2 మాత్రం మర్చిపో.

నువ్వు ఎక్కువగా ఆడతానన్న వాలరెంట్ కూడా అందులో ఇబ్బందే. ఆట తేలికైనదే, కానీ దాంతో పాటు నడిచే వాన్‌గార్డ్ అనే, దొంగాట ఆడేవాళ్లని పట్టే కాపలా సాఫ్ట్‌వేర్ విండోస్ 11లో టీపీఎం 2.0 (పీసీలో ఉండే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నకిలీ సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా చూసేది) రెండూ ఉండాలంటుంది. ఆ హెచ్61 బోర్డులో టీపీఎం 2.0 ఉండదు. పోనీ విండోస్ 10 వేసుకుందామంటే మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆపేసింది. కొత్తగా 32 వేలు పోసి కొన్న మిషన్‌లో వెళ్లిపోయిన విండోస్ వేసుకుని కూర్చోవడం ఎందుకు?

మీ ఫ్రెండ్స్ వద్దన్నది ఇందుకే. చెయిర్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఇంట్లో చేతుల కుర్చీ ఉంటే అది చాలు. కీబోర్డు ఏ మామూలుదైనా పనిచేస్తుంది. ఆ డబ్బంతా పెట్టె లోపలికి వెళ్లాలి.

నాకు నీ ఉత్తరంలో బాగా నచ్చింది మీ నాన్న అన్న మాట. ఆయన పీసీ వద్దనడానికి ఆ మాట అని ఉండొచ్చు, కానీ అసలు పాయింట్ ఆయనే పట్టుకున్నారు. ఆన్‌లైన్‌లో కనబడే బడ్జెట్ బిల్డ్ లెక్కలన్నీ కరెంటు సరిగ్గా ఉండే ఊళ్ల కోసం, సర్వీస్ సెంటర్ వీధి చివరే ఉండేవాళ్ల కోసం రాసినవి. మీ ఉద్దానం ప్రాంతంలో కూర్చుని కొనేవాడు మరో రెండు పార్టులు కలిపి లెక్కేసుకోవాలి: ఒకటి ఇంటికొచ్చే కరెంటు, రెండోది విశాఖ ఎంత దూరమన్నది.

కరెంటుతో మొదలుపెడతాను. నీ కొటేషన్‌లో క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని మార్చి పార్టులన్నిటికీ ఇచ్చే డబ్బా) ఉంది చూశావా, మొత్తం కొటేషన్‌లో నాకు భయం వేసింది దాన్ని చూసే. నువ్వు ఆ షాపుకే మళ్లీ వెళ్లి దాన్ని ఒకసారి తిప్పి చూపించమని అడుగు. పక్కన ఒక లేబుల్ ఉంటుంది. పైన పెద్దక్షరాల్లో 450 అని ఉంటుంది. దాని కింద చిన్న గడులు ఉంటాయి, ఒక్కో ఓల్టేజీకి ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 12 ఓల్టుల గడి చూడు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది దాదాపుగా ఆ 12 ఓల్టుల నుంచే. ఇలాంటి ఫ్రీ సరుకులో అక్కడ 18 ఆంపియర్లు లాంటి అంకె కనిపిస్తే ఆశ్చర్యపోకు. పన్నెండు పద్దెనిమిదులు 216. అంటే 450 అని పేరు పెట్టుకున్నది ఆ 12 ఓల్టుల దగ్గర నిజంగా ఇవ్వగలిగింది 216 వాట్లు, అది కూడా లేబుల్ నిజమే చెబుతోందని నమ్మితే. అదే ఒక మంచి కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తీసి చూస్తే 12 ఓల్టుల దగ్గర 42, 45 ఆంపియర్లు ఉంటాయి. చేత్తో పట్టుకున్నా తేడా తెలుస్తుంది, మంచిది బరువుంటుంది.

అదే లేబుల్‌లో ఇన్‌పుట్ అనే గీత కూడా చదువు. మన ఊళ్లవాళ్లు చూడాల్సింది ఇదే, కానీ ఎవరూ చూడరు. కొన్నింటి మీద 200–240 ఓల్టులు అని ఉంటుంది, కొన్నింటి మీద 100–240 అని ఉంటుంది. సాయంత్రం బోర్లు, మోటార్లు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి తిరిగితే పల్లెల్లో ఓల్టేజీ 180కి, అంతకన్నా కిందకి జారడం నీకు కొత్తేం కాదు. ట్యూబ్‌లైట్ కొట్టుకునే టైమన్నమాట. మొదటి రకం అప్పుడు ఆగిపోయి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయిపోవచ్చు. రెండో రకం తట్టుకుంటుంది. కాబట్టి 100–240 రాసి ఉన్నదే తీసుకో. 80 ప్లస్ బ్రాంజ్ అన్న గుర్తు కూడా ఉండాలి. అది కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే గుర్తే గానీ నాణ్యతకి గ్యారంటీ కాదు, అయినా అది లేనివాటిని అసలు చూడక్కర్లేదు. వారంటీ ఐదేళ్లు ఇస్తున్న మోడల్ దొరికితే ఇంకా మంచిది. కంపెనీకి తన సరుకు మీద ఎంత నమ్మకముందో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకో పని ఉంది, ఖర్చు తక్కువే. పీసీ పెట్టబోయే ప్లగ్గుకి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, చాలా ఇళ్లలో దాని వెనక వైరే ఉండదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూస్తాడు. బల్బు నిండుగా వెలగాలి. ఎర్త్ లేకపోతే ఏమవుతుందంటే, ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కోసం పెట్టిన చిన్న కెపాసిటర్ల ద్వారా కొంచెం కరెంటు క్యాబినెట్ రేకు మీదకి వస్తుంది. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది. పీసీ పాడైపోయిందని జనం షాపుకి మోసుకెళ్తారు, అక్కడ పెడితే ఏమీ ఉండదు, ఇంటికి తెస్తే మళ్లీ జివ్వుమంటుంది. తప్పు పీసీది కాదు. ఎర్త్ గొయ్యి తీయించి రాడ్ దింపి ఉప్పు, బొగ్గు వేయించుకుంటే సరిపోతుంది. మీవైపు ఇసుక కలిసిన నేల, తేమ నిలవదు, కాబట్టి ఎండాకాలంలో ఆ గొయ్యిలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయాలి.

యూపీఎస్ గురించి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, చాలావాటిలో అది 360 వాట్లు. నేను కింద చెప్పబోయే సిస్టమ్ ఆట మధ్యలో ఉన్నప్పుడు కూడా మానిటర్‌తో కలిపి 300 లోపే తింటుంది కాబట్టి సరిపోతుంది, కానీ నిలిచేది కొద్ది నిమిషాలే. అది ఆట కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యడానికి. ఇంట్లో ఇప్పటికే సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే దాని మీద ఎకో, యూపీఎస్ అని రెండు మోడ్‌ల స్విచ్ ఉందేమో చూడు. ఎకోలో పెడితే బ్యాటరీకి మారేలోపు పీసీ ఆగిపోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో తొందరగా మారుతుంది. ఇన్వర్టర్ ఎంత లోడు మోస్తుందో చూసుకుని అప్పుడు విడిగా యూపీఎస్ మానేసి ఆ డబ్బు కార్డుకి కలుపు. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం దానికి పీసీ తగిలించకు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మీ పక్కనే తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వాటికి ఏ యూపీఎస్సూ పనికిరాదు. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకెయ్, రూటర్ నుంచి వచ్చే నెట్ కేబుల్ కూడా పీకెయ్. పవర్ ప్లగ్గు పీకి, నెట్ కేబుల్ వదిలేసి, బోర్డు కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక డబ్బు పంపకం. 60 వేలలో సుమారు 21 వేలు గ్రాఫిక్స్ కార్డుకి పెట్టు. ప్రాసెసర్, బోర్డు రెండూ కలిపి 16 వేలు. ర్యామ్, ఎస్ఎస్‌డీకి 12. ఎస్ఎంపీఎస్‌కి 5, క్యాబినెట్‌కి 3, యూపీఎస్‌కి 3. ఇవి ధరలు కావు, ఒక్కో దానికి నువ్వు పెట్టుకోవాల్సిన హద్దులు. వారం వారం రేట్లు మారుతుంటాయి కాబట్టి ఒక దగ్గర వెయ్యి మిగిలితే ఇంకో దగ్గర వాడుకోవచ్చు. ఎస్ఎంపీఎస్ డబ్బు మాత్రం తీసి వేరే దానికి కలపొద్దు.

కార్డు విషయంలో నా ఓటు ఏఎండీ ఆర్ఎక్స్ 6600కి. 2021లో వచ్చింది, 8 జీబీ. తాగే కరెంటు 132 వాట్లు, కంపెనీయే 450 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలంటుంది, మనం 550 పెడుతున్నాం. 1080పీ మానిటర్ మీద రెడ్ డెడ్ 2 సెట్టింగులు కొంచెం సర్దుకుంటే హాయిగా ఆడుకోవచ్చు. వాలరెంట్ సంగతి అడగనే అక్కర్లేదు. షాపులో ఇదే రేటులో ఆర్‌టీఎక్స్ 3050 చూపించి, ఆర్‌టీఎక్స్ అన్న పేరు చెప్పి అంటగట్టబోతారు. రెండింట్లో 6600 వేగం స్పష్టంగా ఎక్కువ. పైగా 3050 అన్న పేరుతోనే 8 జీబీది ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీది ఒకటి ఉన్నాయి. రెండోదానిలో మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా తగ్గించారు. పేరు మాత్రం అదే ఉంచారు. ఇలాంటి చోట్ల కంపెనీలకీ షాపులకీ పెద్ద తేడా ఏమీ లేదు.

నువ్వు సీఎస్ఈ కాబట్టి, మెషీన్ లెర్నింగ్‌కి ఆర్‌టీఎక్స్ కార్డులు చేసే ఎన్‌విడియానే కావాలి కదా అని సీనియర్లు ఎవరో ఒకరు అంటారు. నిజమే, ఆ సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం వాళ్ల కార్డుల్లోనే పనిచేసే క్యూడా అనే ఏర్పాటు మీదే నడుస్తుంది. కానీ రెండో ఏడాది ల్యాబ్ పనికి, ప్రాజెక్టుకి ఆన్‌లైన్‌లోనే కోడ్ నడిపించే గూగుల్ కోలాబ్ ఉచితంగా దొరికేది సరిపోతుంది. దానికోసం ఆటలో వేగం వదులుకోకు. నిజంగా ఆ లైన్‌లోనే వెళ్లాలని ఉంటే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీది బిల్లుతో, వారంటీతో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందేమో చూడు. కొత్త 6600 స్టాకు లేకపోతే ఆర్ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 5050 చూడొచ్చు, కాకపోతే బడ్జెట్ కొంచెం సాగుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు కాగితం మీద ఆశ పుట్టిస్తాయి గానీ వాటికి వేగమైన ప్రాసెసర్ పక్కన ఉండాలి, ఈ బడ్జెట్‌లో వద్దు.

సెకండ్ హ్యాండ్ మాట వచ్చింది కాబట్టి: ఆర్ఎక్స్ 580 8 జీబీ చాలా చవగ్గా కనబడుతుంది. 2017 కార్డు. అందులో చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు తిరిగినవే. పైగా 2048ఎస్‌పీ అని చిన్నక్షరాల్లో రాసి ఉన్నవి ఉంటాయి. అవి పేరుకి 580, లోపల సత్తా 570ది. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు అడ్వాన్స్ పంపమంటే అక్కడే ఆపెయ్. కళ్ల ముందు పావుగంట గేమ్ నడిపి చూపించని కార్డుని కొనకు.

ప్రాసెసర్‌కి ఏఎండీ రైజెన్ 5 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 2022లో వచ్చింది. కూలర్ బాక్సులోనే వస్తుంది, వేరే కొనక్కర్లేదు. దీనికి చుట్టాలు ఉన్నాయి, షాపువాడు ఇది లేదంటే అది తీసుకోమంటాడు కాబట్టి తెలుసుకో. 5500లో క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) సగమే, గేమ్స్‌లో తేడా కనిపిస్తుంది. 5600జీలో కూడా క్యాష్ తక్కువే గానీ డిస్‌ప్లే లోపలే ఉంటుంది, అంటే కార్డు లేకుండా కూడా బొమ్మ వస్తుంది. డబ్బు ఒకేసారి చేతికి రాకపోతే 5600జీతో మొదలుపెట్టి, వచ్చే సీజన్‌లో కార్డు పెట్టుకోవచ్చు. అప్పటిదాకా వాలరెంట్ బాగానే ఆడుతుంది. ఇంటెల్ వైపు ఐ5 12400ఎఫ్ కూడా మంచిదే, రెండింట్లో ఏది తక్కువకి వస్తే అది తీసుకో. ఎఫ్ అక్షరం ఉంటే లోపల డిస్‌ప్లే లేదని అర్థం. బాక్సు ప్యాక్‌దే అడుగు. ట్రే అని విడిగా ఇచ్చేదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ రాదు, షాపు మాట వారంటీ మాత్రమే.

ఏఎం5 అనే కొత్త సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గడి) ఉన్న బోర్డు తీసుకుంటే ముందు ముందు ప్రాసెసర్ మార్చుకోవచ్చు కదా అని అడుగుతావు. మార్చుకోవచ్చు. కానీ దానికి డీడీఆర్5 ర్యామే కావాలి. ర్యామ్ సంగతి ఇప్పుడెలా ఉందంటే, 2025 చివరి నుంచి ధరలు మండిపోయాయి. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకి అమ్ముకోవడం లాభమని అటు తిరిగాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నానని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఆ సెగ కాశీబుగ్గలో పీసీ కొనేవాడికి కూడా తగులుతోంది. అందుకే డీడీఆర్4 మీద నడిచే బోర్డే నీకు నయం. ర్యామ్ రేటు మరీ ఎక్కువ చెబితే, సెకండ్ హ్యాండ్‌లో నేను భయపడకుండా కొనమని చెప్పేది ఇదొక్కటే. ర్యామ్ ఊరికే పాడవదు, బాగుందో లేదో టెస్ట్ చెయ్యడం కూడా తేలిక. 8 జీబీవి రెండు తీసుకో, 16 జీబీది ఒకటి వద్దు. రెండు కలిసి పనిచేస్తే డేటా రెండు దారుల్లో వెళ్తుంది. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం, 500 జీబీ చాలు ఇప్పటికి. జీటీఏ 5, రెడ్ డెడ్ 2 ఒక్కోటీ 100 జీబీ పైన మింగుతాయి కాబట్టి ఆడనిది తీసేస్తూ ఉండాలి. డబ్బు వచ్చినప్పుడు ఇంకోటి కలుపుకో.

రైజెన్ తీసుకుంటే బోర్డు బీ450 గానీ బీ550 గానీ. బీ450 పాత స్టాకైతే 5600 పెట్టగానే స్క్రీన్ రాకపోవచ్చు, బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మని కొనేటప్పుడే చెప్పు. తర్వాత నువ్వొక్కడివే చెయ్యాలంటే తలనొప్పి.

క్యాబినెట్‌కి ముందు జాలీ ఉండాలి, గాజు పలక కాదు. మే నెలలో మీ ఇంట్లో గది ఎలా ఉడుకుతుందో నీకు తెలుసు, గాలి లోపలికి వెళ్లే దారి ముఖ్యం. లైట్లు ఉంటే ఉండనీ, వాటికోసం అదనంగా ఐదొందలు కూడా ఇవ్వకు. కింద నేల మీద పెట్టకు. ఆ ఎర్రమట్టి దుమ్ము, చీమలు, బల్లి పిల్లలు అన్నీ ఎస్ఎంపీఎస్ వెచ్చదనానికి చేరతాయి. వానాకాలంలో ఉప్పుగాలి తగిలే ఊళ్లలో పీసీని వారాల తరబడి మూసి ఉంచడం కన్నా రోజూ కాసేపు ఆన్ చెయ్యడమే మంచిది, లోపల తేమ ఆరుతుంది.

ఎక్కడ కొనాలన్నది రెండో సమస్య. చాలా కంపెనీల సర్వీస్ సెంటర్ నీకు దగ్గరలో అంటే విశాఖే. కార్డు పాడైతే ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తెస్తారు? శ్రీకాకుళంలోనో పలాసలోనో నమ్మకమైన షాపతను ఈ లిస్టు తెప్పించి ఇస్తానంటే, ఆన్‌లైన్ కన్నా వెయ్యి, పదిహేనొందలు ఎక్కువైనా ఇవ్వొచ్చని నా అభిప్రాయం. వారంటీకి అతనే విశాఖ పంపిస్తాడు. కానీ ఆ మాట బిల్లు మీద రాయించుకో. ఐదు, పది వేలు ఎక్కువంటే మాత్రం పలాసలో రైలెక్కి విశాఖ వెళ్లిపో. ద్వారకానగర్ చుట్టుపక్కల షాపుల్లో రెండు మూడు చోట్ల అడిగి, అక్కడే బిగించి ఆన్ చేసి చూపించమను. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు కావాలి, దాని మీద ప్రతి పార్టు సీరియల్ నంబర్ ఉండాలి. పార్టుల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటారు. ఆ తగ్గింపు తీసుకున్నావంటే వారంటీ పోయినట్టే. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు సీలు దగ్గర నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయి. ఖాళీ బాక్సులు పారెయ్యకు, అటక మీద పెట్టు. కార్డు పంపాల్సి వస్తే అదే బాక్సులో పంపాలి.

ఇంటికి తెచ్చాక జనం పడే తికమకలు రెండు మూడే. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి, పైన బోర్డుకి ఉన్న రంధ్రానికి కాదు. 5600లో డిస్‌ప్లే లేదు కాబట్టి అక్కడ పెడితే నల్ల స్క్రీనే వస్తుంది. బోర్డు మీద ర్యామ్‌కి నాలుగు గడులుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడు. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ లేదా డీవోసీపీ అని ఉన్నదాన్ని ఆన్ చెయ్, లేకపోతే 3200 స్పీడు ర్యామ్ 2400, 2666 దగ్గరే కునుకు తీస్తుంటుంది. అక్కడే ఎఫ్‌టీపీఎం (ఇందాకటి టీపీఎమ్మే), సెక్యూర్ బూట్ కూడా ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకో, వాలరెంట్ అడిగేది వాటినే. షాపతను విండోస్ వేసి ఇస్తానంటే వద్దను. వాళ్లు వేసే క్రాక్ కాపీల్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని నువ్వే వేసుకో, సీఎస్ఈ చదువుతున్నావు కదా.

లాప్‌టాప్ కొనొచ్చు కదా అని ఇంట్లో అంటే, హాస్టల్లో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని. రోజూ ఇంటికొచ్చేవాడికి ఇదే డబ్బుకి డెస్క్‌టాప్ చాలా ఎక్కువ ఇస్తుంది, ఒక పార్టు పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. చదువు పాడవుతుందా లేదా అన్నది నువ్వూ మీ నాన్నా మాట్లాడుకోండి, అందులో నేను తలదూర్చను. ఆయన అడిగిన కరెంటు మాటకి మాత్రం ఎర్త్ పని, ఎస్ఎంపీఎస్ లేబుల్ చూపించి జవాబు చెప్పు. ఎంతకు కొని ఎంతకు అమ్మాలో రోజూ లెక్క చూసే మనిషి, ఎందుకు అక్కడ ఐదు వేలు పెడుతున్నావో ఇట్టే అర్థం చేసుకుంటారు.

మీ బావ మానిటర్ ఒక్కటి మిగిలింది. దాని వెనక హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉందేమో చూడు. నీలం రంగు వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త కార్డులకి నేరుగా తగలదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొనాలి. దాంతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కొత్త కొటేషన్ తీసుకున్నాక డబ్బు కట్టేలోపు నాకు పంపు. ప్రాసెసర్ పూర్తి నంబర్, కార్డు పూర్తి పేరు, ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫొటో, ఈ మూడూ అందులో ఉండాలి.